తాత వీపు మీద తొమ్మిదో నిబంధన

మిషికి, ఆమె వదిన రిజికికి మధ్య ఏడేళ్ళుగా మాటల్లేవన్న సంగతి రెండు ప్రభుత్వాలకూ తెలియదు. తెలిసి ఉంటే తమ తీరప్రాంత ఒడంబడికను మా ఉప్పుటేటి దగ్గర కాక మరెక్కడైనా మొదలుపెట్టేవి.

మాది కికోనో. ఏటికి ఉత్తరపు గట్టు, కెన్యా. దక్షిణపు గట్టున ఉన్నది ఫుంగుని, అది టాంజానియా. మధ్యలో మడ అడవి. పోటు మీద గెడ వేసుకుంటూ పోతే పావుగంట ప్రయాణం. ఈ గట్టు పిల్లలు ఆ గట్టున కాపురాలు చేస్తారు. ఆ గట్టు ముసలమ్మలు పంటినొప్పికి ఈ గట్టుకు వస్తారు. ఏరు సముద్రంలో కలిసేచోటికి కాస్త ముందు ఒక పగడపు దిబ్బ ఉంది. అమావాస్యకూ పౌర్ణమికీ నీళ్ళు బాగా వెనక్కి తీసినప్పుడు, వంగి కూర్చున్న ముసలివాడి వీపులా అది పైకి తేలుతుంది. అందుకే దాన్ని తాత వీపు అంటాం. మా ఆడవాళ్ళు కర్రలు పట్టుకుని దాని మీదికి నడిచి వెళ్ళి, కన్నాల్లోంచి ఆక్టోపస్‌లను లాగుతారు. రెండు దేశాల సరిహద్దు గీత సరిగ్గా ఆ వీపు మీదుగా పోతుందని మ్యాపులో ఉంది. వీపు మీద మాత్రం అలాంటి గీత ఎవరికీ కనబడలేదు.

తగాదా అక్కడే మొదలైంది. మిషి తల్లి పోయిన నెలకు, అమావాస్య ఆటుకు, తల్లి తనకు చూపించిన కన్నం దగ్గరికి మిషి వెళ్ళింది. అప్పటికే రిజికి అక్కడ మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు చాపితే మనిషంత ఉన్న ఆక్టోపస్‌ను బయటికి లాగుతోంది.

"అది మా అమ్మ కన్నం," అంది మిషి.

"పేరు రాసుందా?" అంది రిజికి.

ఆ తర్వాత కన్నం సంగతి వెనకబడి వంటల దాకా పోయింది. నీ అన్నం పిల్లి కూడా ముట్టదని ఒకరు, పిల్లికి పెట్టడానికైనా మీ ఇంట్లో అన్నం మిగిలితేగా అని మరొకరు. ఆ రోజుతో ఇద్దరికీ మాటలు బంద్.

ఇద్దరి మధ్యా మిగిలిన వంతెన కొంబో. అతను మిషికి అన్న, రిజికికి భర్త. పెళ్ళయ్యాక ఫుంగునిలోనే ఇల్లు కట్టుకుని, రెండు గట్ల మధ్యా పడవ నడుపుతున్నాడు. మిట్టమధ్యాహ్నం చెల్లెలింట్లో భోంచేస్తూ వదిన ఏమందో చెప్పేవాడు. మధ్యాహ్నం నమాజు అయ్యాక సొంతింట్లో మళ్ళీ భోంచేస్తూ చెల్లెలు ఏమందో చెప్పేవాడు. చేపలు దొరక్క రెండు గట్ల మీదా అందరం చిక్కిపోయిన ఆ ఏడేళ్ళలో లావెక్కిన మనిషి కొంబో ఒక్కడే.

ఇలా ఉండగా ఒడంబడిక వచ్చింది. ఈ తీరంలోని దేశాలన్నీ ఎక్కడెక్కడి చల్లటి గదుల్లోనో ఏళ్ళతరబడి కూర్చుని దాన్ని రాసుకున్నాయి. పేరు 'ఉమ్మడి తీర మండలాల సమీకృత నిర్వహణ'. దాన్ని ఏదో ఒకచోట ముందుగా పెట్టి చూడాలి కాబట్టి మా ఏటిని ఎంచుకున్నారు. ఆ ఇంగ్లీషు చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే కావడంతో, హమాది మాస్టారే కార్యదర్శి అని ఊరు తీర్మానించింది. చదువుకున్నవాడికి ఊళ్ళో పడే శిక్ష అది.

మా బడి వరండాలో ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి ఒక్కో వాక్యమూ మా భాషలో చెప్పడం మొదలుపెట్టాను.

"సమీకృత నిర్వహణ అంటే ఏంటి మాస్టారూ?" అంది మిషి.

"అడవి వేరు, చేప వేరు, ఇసుక వేరు అనుకోకుండా అన్నిట్నీ కలిపి చూసుకోడం, పిన్నీ."

"ఇన్నాళ్ళూ వాళ్ళు విడివిడిగా చూస్తున్నారా?"

"ఒక్కోదానికి ఒక్కో ఆఫీసుంది."

"అయ్యో పాపం," అంది మిషి, నిజంగానే జాలిపడుతూ. "తర్వాతది చదవండి."

"మొదటి పక్షం రెండో పక్షాన్ని సంప్రదించి..."

"ఏ పక్షం? అమావాస్య నుంచి లెక్కా, పౌర్ణమి నుంచా?"

"పక్షమంటే ఇక్కడ దేశం, పిన్నీ."

"దేశాన్ని దేశమనడానికి వాళ్ళకి సిగ్గెందుకు?"

ఒడంబడిక ప్రకారం తాత వీపును ఏటా మూడు నెలలు మూసెయ్యాలి. ఆ మూడు నెలలూ ఎవరూ కర్ర ముట్టకూడదు. పిల్ల ఆక్టోపస్‌లు పెద్దవవుతాయి, అందరికీ మంచిది. దీన్ని చూసుకోవడానికి ఒక ఉమ్మడి సంఘం ఉండాలి. దానికి గట్టుకొకరు చొప్పున ఇద్దరు అధ్యక్షురాళ్ళు. ఎన్నుకునేది ఆక్టోపస్ పట్టే ఆడవాళ్ళే. లాయర్లతో తగువులాడాల్సి వస్తుందని ఎవరో అన్నారు. దాంతో కికోనో తన ఊళ్ళోకెల్లా పెద్ద నోరును ఎన్నుకుంది. ఫుంగుని తన ఊళ్ళోకెల్లా పెద్ద నోరును ఎన్నుకుంది. మిషి, రిజికి.

కెన్యా తరఫున లగత్ అనే లాయరు వచ్చాడు. పడమటి కొండల్లో పుట్టి పెరిగాడు. సముద్రాన్ని అంతకుముందు రెండుసార్లు చూశాడట, రెండూ విమానంలోంచి. మా భాష మాట్లాడితే బస్సు కండక్టరు టిక్కెట్లడిగినట్టుండేది. టాంజానియా తరఫున వచ్చిన సంగా కూడా కొండవాడే, దక్షిణాన బంగాళదుంపలు పండే ఊరు. ఆయన మా భాష ఎంత స్వచ్ఛంగా మాట్లాడేవాడంటే మాకు సగం అర్థమయ్యేది కాదు. ఇద్దరికీ ఈత రాదు. ఇద్దరూ గట్టు మీద కూడా నారింజరంగు ప్రాణరక్షణ చొక్కాలు విప్పేవారు కాదు.

మొదటి సమావేశం మా బడిలో జరిగింది. మిషి తూర్పు గోడవైపు తిరిగి కూర్చుంది. రిజికి పడమటి గోడవైపు తిరిగి కూర్చుంది. వీపులు మాత్రమే ఎదురెదురు. ఇద్దరూ ఆ రోజు కోసమే కొత్త కంగా బట్టలు కప్పుకొచ్చారు. కంగా అంచు మీద అచ్చయ్యే మాట వీపు మీదికి వస్తుంది. మిషి వీపు మీద 'నా కుండలో ఏముందో నీకెందుకు' అని ఉంది. రిజికి వీపు మీద 'అసూయకు మందు లేదు, ముసుగు కప్పుకో' అని ఉంది. చదివిన ఆడవాళ్ళందరూ తలలు వంచి నవ్వాపుకున్నారు.

"ఫుంగుని అధ్యక్షురాలితో చెప్పండి మాస్టారూ," అంది మిషి గోడతో. "మూసేది వచ్చే పౌర్ణమి నుంచైతే మాకు సమ్మతం."

నేను కొంబో వైపు తిరిగాను. కొంబో రిజికి వైపు తిరిగి చెప్పాడు. ఒక్కగజం దూరంలో ఉన్న రిజికి అప్పుడే విన్నట్టు తలాడించింది.

"కికోనో అధ్యక్షురాలికి చెప్పవయ్యా," అంది కొంబోతో. "మేం ఆ మాట నెలకింద అనుకున్నాం. వాళ్ళకి ఇప్పుడు తోచింది, సంతోషం."

సంగా ముఖం వెలిగిపోయింది. గబగబా రాసుకోవడం మొదలుపెట్టాడు. పక్కకు వంగి చూస్తే ఇలా ఉంది: 'స్థానిక సంప్రదాయం. అధ్యక్షురాళ్ళు గౌరవసూచకంగా ఒకరినొకరు చూడరు, నేరుగా సంబోధించరు. వంశపారంపర్య దూత ద్వారా మాత్రమే సంభాషిస్తారు. అత్యంత ప్రాచీనం.'

నిజం చెప్పేద్దామనుకున్నాను. కానీ కొంబో నావైపు చూసి మెల్లగా తల అడ్డంగా ఊపాడు. వంశపారంపర్య దూత అన్న మాట అతనికి బాగా నచ్చినట్టుంది.

చిక్కు తొమ్మిదో నిబంధన దగ్గర వచ్చింది. 'ఉమ్మడి తీరానికి సంబంధించిన ఏ విషయాన్నైనా ఒక అధ్యక్షురాలు రెండో అధ్యక్షురాలికి స్వయంగా, మధ్యవర్తి లేకుండా, ఆలస్యం చేయకుండా తెలియజేయవలెను. రెండో అధ్యక్షురాలు స్వయంగా బదులివ్వవలెను.' ఇది నేను చదవగానే రెండు వీపులూ నిటారుగా అయ్యాయి.

"అది తీసెయ్యండి," అంది మిషి.

"అది తీసెయ్యమని చెప్పు," అంది రిజికి కొంబోతో. ఏడేళ్ళలో ఇద్దరూ ఒకే మాట మీద నిలబడటం అదే మొదటిసారి.

లగత్ నుదురు తుడుచుకున్నాడు. "అమ్మా, ఈ ఒక్క నిబంధనకే మూడేళ్ళు పట్టింది. ఒక్క కామా కదిపినా మళ్ళీ మొదట్నుంచి మొదలెట్టాలి."

"కానీ ప్రాచీన సంప్రదాయాన్ని మన్నించాలని నాలుగో నిబంధనలో ఉంది," అన్నాడు సంగా. "నాలుగు తొమ్మిదికంటే ముందొస్తుంది."

"ముందొచ్చినంత మాత్రాన పెద్దదైపోదు."

"సరే. అయినా వీళ్ళు రాతపూర్వకంగా తెలియజేసుకుంటూనే ఉన్నారు, గమనించారా?" అని సంగా రెండు వీపులవైపూ పెన్ను చూపించాడు.

రెండు రోజులు ఆ ఇద్దరూ కంగా మీది అచ్చు చట్టప్రకారం నోటీసు అవుతుందా కాదా అని వాదించుకున్నారు. కంగాను బజార్లో ఎవరైనా కొనుక్కోవచ్చు కాబట్టి అది నిర్దిష్ట వ్యక్తిని ఉద్దేశించినది కాదని లగత్. ఎవరిని ఉద్దేశించినదో ఊరందరికీ తెలుసని సంగా. ఆ రెండు రోజులూ కొబ్బరిపాల అన్నం మేమే పెట్టాం. మూడోరోజు రాజీ కుదిరింది. నిబంధన కదలదు. 'ముఖాముఖి' అన్న మాట అందులో లేదు కాబట్టి, వీపులు తిప్పుకుని మాట్లాడుకున్నా చెల్లుతుందని అడుగున చిన్న అక్షరాల్లో ఒక వివరణ చేర్చారు. మిషి, రిజికి వేరువేరు బల్లల దగ్గర సంతకం పెట్టారు. పౌర్ణమికి తాత వీపు మూతపడింది.

మూత అందరికంటే ఎక్కువగా తగిలింది కొంబోకు. ఇటు ఆక్టోపస్ కూర లేదు, అటు ఆక్టోపస్ కూర లేదు. రెండు పూటలా కర్రపెండలమూ ఎండుచేపలే. "అంతర్జాతీయం అంటే ఇంత చప్పగా ఉంటదనుకోలేదు మాస్టారూ," అని ఒకసారి పడవలో నాతో వాపోయాడు.

ఆరు వారాలయ్యాక, మడ అడవిలో పీతలకోసం వెళ్ళి దిబ్బ పక్కగా తిరిగొస్తున్న ఆడవాళ్ళకు దిబ్బ మీద కొత్తగా పొడిచిన కన్నాలు రెండు కనిపించాయి. కబురు గుప్పుమంది. మిషి వరండాలోకి వచ్చి నా ముందు కూర్చుంది.

"ఫుంగునివాళ్ళు దొంగతనంగా పడుతున్నారు మాస్టారూ. అన్నయ్య కళ్ళారా చూశాడంట. ఆవిడకో ఉత్తరం రాయండి, చదివితే చెవులు కాలిపోవాలి."

"నేను రాయకూడదు పిన్నీ. తొమ్మిదో నిబంధన."

"అయితే అన్నయ్యతో చెప్పిస్తా."

"అదీ కూడదు. మీరే వెళ్ళి చెప్పాలి."

"వాళ్ళింటికా? నేనా?" మిషి లేచింది, మళ్ళీ కూర్చుంది. "గడప తొక్కను. కావాలంటే తాత వీపు మీదికి వస్తా. అది మా అమ్మ నడిచిన చోటు."

అదే వారం రిజికి కూడా సంగాకు ఫోన్ చేసి, కికోనోవాళ్ళు దొంగతనంగా పడుతున్నారని, సొంత భర్తే సాక్షి అని చెప్పిందట. ఎటూ పౌర్ణమికి ఇద్దరు లాయర్లూ తనిఖీకి రావాల్సి ఉంది. పౌర్ణమి మర్నాడు పొద్దున్న, ఆటు పూర్తిగా తీసిన వేళ, దిబ్బ మీదే మాట్లాడుకోవాలని ఖాయం చేశాను.

ఆ పొద్దున్న నేను, మిషి, మావాళ్ళు ఓ పదిమంది ఉత్తరం నుంచి మోకాలి లోతు నీళ్ళలో నడుచుకుంటూ వెళ్ళాం. దక్షిణం నుంచి రిజికి తనవాళ్ళతో వచ్చింది. లాయర్లిద్దర్నీ కొంబో పడవలో తెచ్చాడు. తనకు నడుంనొప్పిగా ఉందని, వేరే పడవ చూసుకోమని ముందు చాలా బతిమాలాడట. కానీ వాళ్ళు అనుకున్నదానికంటే గంట ముందే రేవులోకి వచ్చి పడవలో కూర్చున్నారు. పడవను దిబ్బకు ఆనించి ఆపాడు. లగత్ దిగడానికి ఒప్పుకోలేదు. ఫైలు ఒళ్ళో పెట్టుకుని అక్కడినుంచే వింటానన్నాడు.

మిషి, రిజికి వివరణలో ఉన్నట్టే వీపూ వీపూ పెట్టుకుని నిలబడ్డారు. గాలికి కంగాలు ఒకదానికొకటి తగులుతున్నాయి.

"తొమ్మిదో నిబంధన ప్రకారం తెలియజేస్తున్నా," అంది మిషి ఉత్తరపు ఆకాశంతో. "మీవాళ్ళు మూసిన దిబ్బ మీద కన్నాలు పొడుస్తున్నారు."

"తొమ్మిదో నిబంధన ప్రకారం బదులిస్తున్నా," అంది రిజికి దక్షిణపు ఆకాశంతో. "పొడిచేది మీవాళ్ళు."

"ఎవరు చెప్పారు?"

"మీ అన్న."

"నాకు చెప్పిందీ అన్నయ్యే."

"నీకేమని చెప్పాడు?"

"మీవాళ్ళని."

రిజికి తల కొంచెం పక్కకు తిరిగింది. "అయితే పోయిన ఏడు, నా కూతురి పెళ్ళికి పిలిస్తే, ఆ ఇంటి ఉప్పు తిననన్నావంట. అదీ మీ అన్నే చెప్పాడు."

"నన్నెవరు పిలిచారు? పిలవలేదని మూడు రోజులు ఏడ్చాను."

వీపులు విడిపోయాయి. నాకు తెలిసి ఏడేళ్ళలో మొదటిసారి ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నిబంధనల ప్రకారం దాన్ని మినిట్స్‌లో రాయాలో వద్దో తెలియక పెన్ను పట్టుకుని నిలబడిపోయాను.

"వదినా, ఒకటడుగుతా," అంది మిషి. "ఆ ఏడు నాకు జ్వరమొచ్చి మంచాన పడ్డానే. ఒక్కపూటైనా వచ్చి చూడకపోతివి."

"వస్తానంటే చీపురు తిరగేస్తానన్నావంటగా."

"నేనా? నాకు నోరు పెగిలే ఓపిక కూడా లేదప్పుడు. గోడవైపు తిరిగి పడుకుని నువ్వొస్తావనే చూశాను."

"నేను రాకపోయినా చారు పంపాను కదే. ఆక్టోపస్ చారు, మిరియాలు బాగా వేసి. పదకొండు రోజులు. గిన్నె రోజూ ఖాళీగా వచ్చేది. తాగావనుకున్నా. తాగినందుకే లేచి తిరుగుతున్నావనుకున్నా."

"ఏ చారు?"

ఇద్దరి తలలూ పడవ వైపు తిరిగాయి. ఇరవైమంది ఆడవాళ్ళ తలలూ తిరిగాయి.

కొంబో అప్పటికే గెడ నీళ్ళలో గుచ్చి బలంగా నెడుతున్నాడు. కానీ ఆటు అతనికోసం ఆగలేదు. పడవ ఇసుకలో పొదిగే కోడిలా కూర్చుంది. ఎంత నెట్టినా గెడ దిగబడుతోందే తప్ప పడవ కదలడం లేదు. అంతలో లగత్ కాళ్ళకింది చెక్కల సందులోంచి తడితడిగా ఏదో పైకి వచ్చింది. నెమ్మదిగా ఆయన బూటు చుట్టూ ఒక చుట్టు, చీలమండ చుట్టూ రెండో చుట్టు వేసింది. రెండో చెయ్యి వచ్చి ఫైలు పట్టుకుంది.

లగత్ కదల్లేదు. చాలా మర్యాదగా అడిగాడు. "సంగా గారూ, ఇది ఏ నిబంధన కిందికి వస్తుంది?"

మిషి పడవ దగ్గరికి వచ్చి, చెక్క ఎత్తి, ఆక్టోపస్ తలను ఒడుపుగా పట్టి లాయరు కాలి నుంచి విడిపించింది. ఫైలు మాత్రం రెండు పేజీలు నల్లసిరా కక్కించుకునే వచ్చింది. చెక్కకింద ఇంకోటి కూడా ఉంది. తెల్లవారకముందే పట్టి, లాయర్లు ముందే రావడంతో దించుకోలేక అక్కడే దాచాడు కొంబో.

"చెప్పు అన్నయ్యా," అంది మిషి.

"చెప్పండి," అంది రిజికి. భర్తను ఆమె మీరు అనేది బాగా కోపం వచ్చినప్పుడే.

కొంబో గెడ వదిలేసి పడవ అంచున కూర్చున్నాడు. "నేను కావాలని అబద్ధం ఆడలేదు. ఆ మొదటేడు రంజాన్ పండక్కి రిజికి హల్వా ఇచ్చి పంపింది. తప్పు నాదే, నోరు జారానని చెప్పమంది. ఇద్దామనే బయల్దేరాను. ఏరు సగం దాటేసరికి ఆకలేసింది. తినేశాక, ఉత్తి చేతుల్తో మాటొక్కటీ ఏం చెప్తాం, బాగుండదని ఊరుకున్నా. సమయం చూసి చెబుదామనుకున్నా."

"ఏడేళ్ళు సమయం దొరకలేదా?"

"తర్వాత అలవాటైపోయింది," అన్నాడు కొంబో. తలెత్తకుండానే మిగతాదీ చెప్పాడు. "నేను రావడం ఆలస్యమైతే ఇద్దరూ గుమ్మంలో నిలబడి చూసేవాళ్ళు. ఏమంది, ఏమందని అడిగేవాళ్ళు. కూర నాకే ముందు పెట్టేవాళ్ళు. మీరిద్దరూ కలిసిపోతే ఈ వయసులో నాకోసం గుమ్మంలో ఎవరు నిలబడతారు?"

మిషికి కోపం ఉంది. దానికింద ఇంకేదో కూడా ఉంది. చేతిలో ఆక్టోపస్ ఉండటంవల్ల కళ్ళు తుడుచుకోలేక భుజంతో తుడుచుకుంది.

లగత్ గొంతు సవరించుకున్నాడు. "ఉల్లంఘించిన వ్యక్తిపై అతని స్వదేశం చర్య తీసుకోవాలి. ఇతని నివాసం ఫుంగుని. కాబట్టి సంగా గారూ, మీదే బాధ్యత."

"పుట్టుక కికోనో," అన్నాడు సంగా. "మీ పౌరుణ్ణి మేం ఎలా ముట్టుకుంటాం? ఆ గౌరవం మీకే."

"లేదు లేదు, మీకే."

"నీది ఏ దేశపు కార్డు?" అని కొంబోనే అడిగారు. అతనికి ఏ కార్డూ లేదు. రెండు గట్ల మీదా ఎవరూ ఎప్పుడూ అడగలేదట. దాంతో రెండు దేశాలూ అతన్ని ఒకదానికొకటి మర్యాదగా ఇచ్చిపుచ్చుకుంటూ మరో పావుగంట గడిపాయి.

"చాలు, ఆపండి," అంది రిజికి. "మీకొద్దంటే మాకివ్వండి. ఏమంటావ్ మిషీ?"

"నువ్వెంతంటే అంత, వదినా."

ఇద్దరూ పక్కకు వెళ్ళి గుసగుసలాడుకున్నారు. ఏడేళ్ళ మాటలు పేరుకుపోయి ఉన్నాయి కాబట్టి ఆలస్యమైంది. మధ్యలో ఒకసారి ఇద్దరూ ఏడ్చారు, ఒకసారి కొంబో వైపు వేలు చూపించి నవ్వుకున్నారు. తిరిగొచ్చి తీర్పు చెప్పారు. దిబ్బ తెరిచేదాకా కొంబో ప్రతి ఆటుకూ కాపలా ఉండాలి. రెండు భోజనాలు ఇక ఉండవు. ఒకటే గిన్నె. ఒకరోజు ఇటు, ఒకరోజు అటు. అందులో కర్రపెండలం, ఉప్పు.

"ఎండుచేప?" అన్నాడు కొంబో.

"ఉప్పే ఎక్కువ," అన్నారు ఇద్దరూ.

సంగా అంతా రాసుకున్నాడు. పైన 'తొలి ఉమ్మడి చర్య' అని పేరు పెట్టి కింద గీత గీశాడు. 'ప్రాచీన సంప్రదాయం' అని రాసి లగత్ ఫైలులో చేర్చిన పేజీని ఏం చెయ్యాలని నన్ను మెల్లగా అడిగాడు. సిరా పడ్డ పేజీల్లో అదొకటని చెబితే, చాలా ఊరటగా నిట్టూర్చాడు.

పోటు మొదలవబోతోంది. ఆడవాళ్ళు వెనక్కి నడవసాగారు. మిషి, రిజికి మాత్రం ఆ పాత కన్నం దగ్గర ఆగారు. నేను కార్యదర్శిని కాబట్టి నేనూ ఆగాను.

"కన్నం మాట కూడా తేల్చేసుకుందాం," అంది రిజికి. "ఇది నేను దొంగిలించలేదు. మా అత్తగారు పోయేముందు నన్నిక్కడికి తీసుకొచ్చి చూపించారు. ఇది కోడలికే, మిషికి చెప్పకు అన్నారు. ఆవిడకి మాటిచ్చాను, అందుకే ఆరోజు చెప్పలేకపోయా."

మిషి ఆమె వైపు వింతగా చూసింది. "అమ్మ నన్నూ తీసుకొచ్చింది. ఇది కూతురికే, రిజికికి చెప్పకు అంది."

ఇద్దరూ ఆ కన్నంలోకి చూస్తూ నిలబడ్డారు. లోపల చిన్న పిల్ల ఆక్టోపస్ ఒకటి, అరచేతిలో పట్టేంత, రాయి రంగులోకి మారి నక్కి కూర్చుంది.

"మీ అమ్మ ఆరు నెలలు మా ఇంట్లో, ఆరు నెలలు నీ దగ్గరా ఉండేది గుర్తుందా?" అంది రిజికి.

"రెండుచోట్లా కూర తనకే ముందు పెట్టించుకునేది," అంది మిషి. అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అప్పుడు వాళ్ళు నవ్విన నవ్వుకు, ఇసుకలో కూరుకుపోయిన పడవలోంచి కొంబో భయపడి చూశాడు.

మూడు నెలలు నిండాక దిబ్బ తెరిచిన రోజు రెండు గట్ల ఆడవాళ్ళూ ఒకే వరసలో నడిచారు. అంతంత ఆక్టోపస్‌లు మా అమ్మమ్మల కాలంలో కూడా లేవని ముసలివాళ్ళన్నారు. వాళ్ళు ఏటా అలాగే అంటారు గానీ, ఈసారి నాకూ అలాగే అనిపించింది. లగత్ పడవ దిగి మోకాలి లోతు నీళ్ళలోకి వచ్చాడు. నారింజరంగు చొక్కా మాత్రం విప్పలేదు. కొంబో నడుం సన్నబడి పదేళ్ళు చిన్నవాడిలా కనిపించాడు. మావాళ్ళు అది ఒడంబడికవల్ల వచ్చిన మొదటి లాభమని చెప్పుకున్నారు.

మధ్యాహ్నం ఫుంగునిలో రిజికి ఇంటి పెరట్లో వంట మొదలైంది. అన్నిటికంటే పెద్ద ఆక్టోపస్‌ను మెత్తబడటానికి రాతి మీద బాదాలి.

"నలభై దెబ్బలు చాలు," అంది రిజికి.

"అరవై. నలభైకి చెప్పు అట్ట తిన్నట్టుంటది."

"నా పెళ్ళైనప్పట్నుంచి నలభైయే కొడుతున్నా."

"అందుకేగా పిల్లి ముట్టనిది."

నేను భయపడి లేవబోయాను. కానీ రిజికి ఆక్టోపస్ తల పట్టుకుంది, మిషి చేతులు పట్టుకుంది. ఒకరు నలభై అంటూ, ఒకరు అరవై అంటూ, గొంతులు పెంచుకుంటూ, ఇద్దరూ కలిసి దాన్ని రాతికేసి కొట్టడం మొదలుపెట్టారు. ఎవరు ఎన్ని లెక్కపెట్టారో తెలియదు. నడుమ కొంబో వచ్చి ఒక రాజీ మాట చెప్పబోతే, నువ్వు నోరు మూసుకో అని ఇద్దరూ ఒకేసారి అన్నారు. అతను పోయి కొబ్బరికాయలు కొడుతూ కూర్చున్నాడు.